ముల్లు ఎవరి వైపు?

అనగనగా ఒక అడవి. అందులో ఒక కుందేలమ్మ. దానికి నిద్ర తక్కువ, బెంగ ఎక్కువ. ఆకు కదిలినా నక్కే అనుకునేది పాపం!

దానికి మూడు పిల్లలు. వాటికి రోజూ ఒకటే పాఠం.

"మెత్తని గడ్డి మనవాడు. చల్లని మట్టి మనవాడు. ముల్లు మాత్రం పగవాడు. అది గుచ్చడానికే పుట్టింది. దాని దగ్గరకు పోకండి."

వాటి బొరియ ముందు మూడు రేగుపొదలు ఉండేవి. ఒకరోజు పెద్దపిల్ల కాల్లో ముల్లు దిగింది. కుందేలమ్మ పరుగున పోయి అడవిపందిని పిలుచుకొచ్చింది.

"పందిమామా, ఈ పొదలు పెళ్ళగించి పుణ్యం కట్టుకో!"

పంది ఒక పొద పీకింది. రెండోదీ పీకింది. మూడోదాని దగ్గరకు వెళ్ళేసరికి లోపల్నుంచి కౌజుపిట్ట గోలపెట్టింది.

"ఆగు వదినా! ఇందులో నా గుడ్లున్నాయి. ముల్లు గుచ్చడానికి కాదు, కాపు కాయడానికి పుట్టింది. నాకిది కోట!"

"పగవాడి ఒళ్ళో కాపురమా? నీకేమైనా పిచ్చా?" అంది కుందేలమ్మ. కానీ గుడ్ల మాట వినేసరికి మనసొప్పలేదు. "సరే, గుడ్లు పిల్లలయ్యేదాకా ఉండనీలే" అంది.

ఆ సాయంత్రమే నక్క వచ్చింది. అడ్డంగా ఉండే పొదల్లో రెండు లేవు కదా, తిన్నగా వచ్చి బొరియ ముందు నిలబడింది. బయట ఆడుకుంటున్న పిల్లలకు ఇంటిదారి మూసుకుపోయింది. మేతకెళ్ళి గట్టు మీదుగా వస్తున్న కుందేలమ్మ అది చూసింది.

"పొదలోకి రండి! తల వంచి దూరండి!" అని అరిచింది కౌజుపిట్ట.

పెద్దది దూరింది. రెండోది దూరింది. చిన్నది మాత్రం పొద అంచున ఆగిపోయింది. వెనక నక్క, ముందు ముల్లు.

"అమ్మా! ఇది పగవాడు కదా! ఎలా వెళ్ళనే?" అని ఏడ్చింది.

అమ్మ నేర్పిన పాఠమే బిడ్డ కాళ్ళకు సంకెలైంది. కుందేలమ్మ గొంతు చించుకుని అరిచింది.

"తప్పు చెప్పాను తల్లీ! మనవాడే! దూరు, దూరు!"

నక్క ఎగిరింది. చిన్నది దూరింది. నక్క మూతి నిండా ముళ్ళు దిగాయి. కుయ్యోమొర్రోమంటూ పారిపోయింది.

ముల్లు గీరుకుని చిన్నదాని చెవి చిరిగింది. ఆ చెవి నాకుతూ కుందేలమ్మ వెక్కివెక్కి ఏడ్చింది.

"అమ్మా, ఇంతకీ ముల్లు గుచ్చడానికా, కాయడానికా?" అని అడిగింది చిన్నది.

"ఆ సంగతి ముల్లుకే తెలీదు తల్లీ. మనవాడు, పగవాడు అని పేర్లు పెట్టింది నేనే" అంది కుందేలమ్మ.

తర్వాత పీకేసిన రెండు పొదలనూ పళ్ళతో పట్టి లాక్కొచ్చి బొరియ ముందు పెట్టుకుంది. మూతినిండా ముళ్ళు గుచ్చుకున్నాయి. ఈసారి ముల్లును తిట్టలేదు.

నీతి: ఏది దేనికి పుట్టిందో మనకే తెలుసనుకుని మంచిదనీ చెడ్డదనీ విడదీయకూడదు, మన పొరపాటు పిల్లల కాళ్ళకు అడ్డం పడుతుంది.