ఎస్తేరు కొలతలు

"థర్మామీటరు చెప్పింది రాయాలా, క్యూబిట్ చెప్పింది రాయాలా సార్?" అని అడిగాడు మా ల్యాబులో రీసెర్చి చేస్తున్న హజరత్తయ్య.

మా గురువు వేదగిరిగారికి సూటిగా జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాడి ముందు ఏదో పాత సంగతి పెట్టి, మిగతాది వాడి నెత్తినే వేస్తారు.

హజరత్తయ్య కష్టం చిన్నది కాదు. క్వాంటం కంప్యూటరుకి పనికొచ్చే క్యూబిట్ అనే బుల్లి సర్క్యూట్‌ని మా ల్యాబు ఫ్రిజ్‌లో పెట్టాడు. ప్రకృతిలో ఇంతకంటే చలి లేదనే హద్దుకి డిగ్రీలో నూరో వంతు దూరంలో ఉన్నామని థర్మామీటరు అంటోంది. అంత చలిలో క్యూబిట్ కిక్కురుమనకుండా శక్తి మెట్లలో అన్నిటికంటే కింది మెట్టు మీదే ఉండాలి. అదేమో వందలో ఐదుసార్లు పై మెట్టు మీద కనిపిస్తోంది, థర్మామీటరు చెప్పినదానికి ఎనిమిది రెట్లు వెచ్చగా ఉన్నట్టు. కొలవడంలోనే తప్పుందని తేలితే నాలుగేళ్ల థీసిస్ గంగలో కలిసినట్టే.

"చాలా ఏళ్ల కిందట ఎస్తేరు అనే అమ్మాయి నా దగ్గర పనిచేసేది," అన్నారు గురువుగారు. "ఇదే ఫ్రిజ్. ఇలాంటి అంకెలే పట్టుకొచ్చి, క్యూబిట్ చల్లబడలేదు సార్ అంది. థర్మామీటరు కనబడటం లేదా, కొలవడం చేతకాక క్యూబిట్‌ని అంటావేం అన్నాను. మళ్లీ కొలిచింది. మూడోసారీ కొలిచింది. అదే మాట. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు కదా! ఆ పని ఇంకొకరికి ఇచ్చేశాను. ఆర్నెల్లకి రీసెర్చి మానేసి వెళ్లిపోయింది."

తరవాత రెండేళ్లకి మరమ్మతుకని ఫ్రిజ్ విప్పారట. పైనుంచి క్యూబిట్‌కి దిగే తీగలో వేడిని మింగవలసిన బిళ్ల ఒకటి ఉంటుంది. దాన్ని రాగి పలకకి బిగించడం ఎవరో మరిచారు. ఫ్రిజ్‌లో అంత చలి లేని పై అంతస్తుల వేడి ఆ తీగ వెంట తిన్నగా క్యూబిట్‌లోకి దిగుతోంది. థర్మామీటరు ఉన్నది రాగి పలక మీద. పలక నిజంగానే చల్లగా ఉంది.

"కావలిలో ఇంటర్ పిల్లలకి పాఠాలు చెబుతోందని తెలిసి వెళ్లాను. సంగతంతా చెప్పి, నువ్వు కొలిచిందే నిజమమ్మా, తప్పు నాది అన్నాను. 'నాకప్పుడే తెలుసు సార్' అంది. కోపంగా కూడా అనలేదు. ఇంతలో బెల్లయింది, క్లాసుకి వెళ్లిపోయింది."

అంత మంచి చేతిని చేజేతులా పోగొట్టుకున్నారే అని నాకు చాలా బాధేసింది. హజరత్తయ్యకి తన గొడవ తనది.

"అయితే నా కొలతలు కూడా నిజమేనా సార్?" అన్నాడు ఆత్రంగా.

"నాకేం తెలుసయ్యా," అన్నారు గురువుగారు, పక్కనున్న కుర్చీ దగ్గరికి లాగుతూ. "కూర్చో. మొదటి కాగితం నుంచి చూపించు. ఎస్తేరుని నేను ఒక్కసారైనా కూర్చోమనలేదు."