వాసన లేని గాలి

గోదావరి సముద్రంలో కలిసే చోట, ఒక గ్యాసు శుద్ధి కేంద్రంలో, ఒక్క నిమిషం కూడా కుదురుగా నిలబడలేని కామేశం అనే సూపర్‌వైజరు ఉండేవాడు. టీ చల్లారేదాకా ఆగలేక రోజూ నాలుక కాల్చుకునేవాడు. ఎదుటివాళ్ళు మాట మొదలుపెడితే చివరి ముక్క తనే అందించేవాడు, అదీ తప్పుగా. పని తెలిసినవాడే. మనసూ మంచిదే. ఓపిక మాత్రం లేదు.

ఆ కేంద్రంలో ఏం చేస్తారో ముందు చెప్పాలి. భూమిలోంచి సహజవాయువు శుభ్రంగా రాదు. కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొట్టే విషవాయువు ఒకటి అందులో కలిసి ఉంటుంది. అది గొట్టాలను తినేస్తుంది, మనిషి ఊపిరికీ ముప్పే. అందుకని గ్యాసును పెద్ద ఇనుప టవర్లలో నింపిన ఒక రకం నల్లబొగ్గు గుండా పంపిస్తారు. దాన్ని యాక్టివేటెడ్ కార్బన్ అంటారు. కొబ్బరి చిప్పలను బొగ్గు చేసి, ఆ బొగ్గుకు బాగా కాగిన ఆవిరి పట్టిస్తే, దాని ఒళ్ళంతా కంటికి కనిపించని రంధ్రాలు పడతాయి. చెంచాడు బొగ్గులో ఉన్న రంధ్రాల గోడలన్నీ విప్పి పరిస్తే ఒక ఆటస్థలం నిండుతుంది. నమ్మలేరు కదూ? కానీ నిజం. విషమంతా ఆ గోడలకు అతుక్కుపోతుంది, మంచి గ్యాసు బయటికి వస్తుంది. కొన్నాళ్ళకు గోడల మీద చోటు చాలదు. అప్పుడు పాత బొగ్గు తీసి కొత్తది పోయాలి.

ఒక వేసవిలో మొదటి టవరు బొగ్గు మార్చే రోజు వచ్చింది. గ్యాసంతా రెండో టవరు మీదికి మళ్ళించారు. మొదటిదాంట్లో బొగ్గు వేడెక్కకుండా నీళ్ళతో తడిపి, పైన మూత తీసి, గొట్టంతో పీల్చి తోడడం మొదలుపెట్టారు. నిలువెత్తు లోతుకు వెళ్ళేసరికి బొగ్గు గడ్డకట్టి గొట్టానికి అందలేదు. ఎవరైనా దిగి గడ్డలు పగలగొట్టాలి. కానీ లోపలి గాలిని మీటరుతో పరీక్షించకుండా ఎవరూ దిగకూడదు. మీటరు పెట్టి చూసే మార్తమ్మ అవతలి షెడ్డులో ఉంది. ఇరవై నిమిషాల్లో వస్తానని కబురు పంపింది.

కామేశం గడియారం చూశాడు. రెండో టవరు వైపు చూశాడు. మళ్ళీ గడియారం చూశాడు.

"అదీ నిండిపోతే సరఫరా ఆపెయ్యాలి. ఇరవై నిమిషాలట! ఆవిడ పెళ్ళికి ముస్తాబవుతోందా?" అన్నాడు.

పక్కనే ఉన్న ఫిట్టరు సూరన్న నవ్వాడు. "వచ్చేస్తారు సార్. కాస్త కూర్చోండి."

"కూర్చుంటే పనవుతుందా?" కామేశం మూత దగ్గర వంగి గట్టిగా గాలి పీల్చాడు. "చూడు, ఏమన్నా కంపు ఉందా? వాసన లేదంటే విషం లేదన్నమాటే. నువ్వు దిగు."

సూరన్న తల అడ్డంగా ఊపాడు. "మీటరు పెట్టకుండా దిగను సార్."

"నా ముక్కు చాలదా?"

"మీ ముక్కుకి సర్టిఫికెట్ లేదు కదండీ."

"పిరికివాడివి సూరన్నా! ఇలాగైతే నీ మనవలు వచ్చి పని పూర్తి చెయ్యాలి" అంటూ కామేశం తనే తాళ్ళ నిచ్చెన పట్టుకున్నాడు. నడుముకు బెల్టు కట్టుకోమని సూరన్న వెనకనించి అరుస్తూనే ఉన్నాడు. "రెండు నిమిషాల పనికి బెల్టెందుకు?" అని దిగిపోయాడు.

నాలుగు మెట్లు దిగాడు. ఐదో మెట్టు మీద కాళ్ళు దూదిలా అయిపోయాయి. "సూ..." అని ఆగిపోయాడు. చేతులు జారాయి. బొగ్గు మీద బోర్లా పడ్డాడు.

"సార్!" సూరన్న చెప్పులు విసిరేసి నిచ్చెన మీద కాలు పెట్టాడు.

"ఆగు!" మార్తమ్మ టవరు బయటి మెట్లెక్కి వస్తోంది. పరిగెత్తుకొచ్చి అతని చొక్కా పట్టుకుంది. "దిగావంటే ఇద్దర్నీ మొయ్యాలి నేను!"

"చచ్చిపోతాడమ్మా! కళ్ళెదుట చచ్చిపోతున్నాడు!"

"తెలుసు. అందుకే అక్కడ అత్యవసరానికి పెట్టిన గాలి సిలిండరు తగిలించుకో. మాస్కు పెట్టుకో."

ఆవిడ మంచిగాలి గొట్టాన్ని కామేశం తల దగ్గరికి వదిలింది. సూరన్న సిలిండరు తగిలించుకుని మాస్కు బిగించుకున్నాడు. పట్టీ ఒకటి వదులుగా ఉంది. "అది కూడా" అంది మార్తమ్మ. ఆ పట్టీ బిగించడానికి పట్టిన కాస్త సమయం సూరన్నకు ఏడాదిలా గడిచింది. కింద కామేశం కదలడం లేదు. మార్తమ్మ మాస్కు అంచు చుట్టూ వేలు పోనిచ్చి చూసింది. నడుముకు తాడు కట్టి, "ఇప్పుడు దిగు" అంది.

సూరన్న దిగి కామేశం చంకల కింద పట్టీ వేశాడు. మార్తమ్మ, పరిగెత్తుకొచ్చిన మరో ఇద్దరు పనివాళ్ళు కలిసి పైకి లాగారు. ముఖం నీలంగా ఉంది. ఆక్సిజన్ పెట్టిన కాసేపటికి పెద్దగా దగ్గి కళ్ళు తెరిచాడు.

సాయంత్రం ఆసుపత్రిలో అతను అడిగిన మొదటి ప్రశ్న, "వాసనే లేదు కదా మార్తమ్మ గారూ?"

"వాసనను పట్టుకోవడమే ఆ బొగ్గు పని కామేశం గారూ. మీ ముక్కుకి ఏమీ మిగల్చలేదు. తడి బొగ్గు అంతటితో ఆగదు. గాలి ఆడని చోట ఉన్న గాలిలోని ఆక్సిజన్‌ను కూడా పట్టేసుకుంటుంది. ఆక్సిజన్ తగ్గితే వాసన రాదు, దగ్గు రాదు. మనిషి అలా కూలిపోతాడంతే."

కామేశం సూరన్న వైపు తిరిగాడు. "నేను చెప్పగానే నువ్వు దిగి ఉంటే?"

సూరన్న తల వంచుకున్నాడు. "నేనుండేవాణ్ణి కాదు సార్. నన్ను తియ్యడానికి మీరు దిగేవారు. మీరూ ఉండేవారు కాదు."

కామేశం దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. అది మెల్లగా అదరడం ఇద్దరూ చూశారు, చూడనట్టు ఊరుకున్నారు.

విచారణ కోసం టవరు పని మూడు రోజులు ఆగింది. రెండో టవరు నిండి, చివరికి సరఫరా కూడా ఆపవలసి వచ్చింది. కామేశాన్ని సూపర్‌వైజరు పనినుంచి తప్పించారు. అతను సూరన్న ఇంటికి వెళ్ళి, అతని భార్య ముందు నిలబడి, "నీ భర్తను లోపలికి తోయబోయాను అమ్మా, క్షమించు" అన్నాడు.

పిల్లలూ, మన కంటికీ ముక్కుకీ తెలియనంత మాత్రాన అపాయం లేనట్టు కాదు. ప్రాణాలతో పని ఉన్నచోట పరీక్షకు పట్టే సమయాన్ని తొందరపడి మిగుల్చుకోకూడదు.