నీలిగిన్నె పువ్వు ఎదుట కొలువు

ఒకానొక రాజ్యంలో చండవిక్రముడనే రాజు ఉండేవాడు. ఆయన దేన్నీ చూడ్డానికి వెళ్ళేవాడు కాదు; ఏదైనా సరే వచ్చి ఆయనకు కనబడాలి. ఏరు చూడాలని బుద్ధి పుడితే బిందెలతో నీళ్ళు తెప్పించుకుని, "ఓహో, ఇదా ఏరు!" అనేవాడు.

అలాంటి రాజు చెవిన ఒకనాడు నీలిగిన్నె పువ్వు మాట పడింది. మబ్బుల కొండ నెత్తిన, ఎండ తగలని రాతి పగుళ్ళలో, మంచు పట్టే కాలంలోనే పూస్తుందట. నీలం రంగు, అంచున సన్నని తెల్లగీత.

"దాన్ని సభలో హాజరుపరచండి," అన్నాడు రాజు.

తోటమాలి కూర్మయ్య కొండెక్కి, వేరు తెగకుండా మొక్కను తవ్వి, తడిగుడ్డలో చుట్టి తెచ్చాడు. కోటగుమ్మం దాటేసరికి పువ్వు నల్లబడి ముడుచుకుపోయింది. మళ్ళీ వెళ్ళి ఇంకో మొక్క తెచ్చాడు. అదీ అంతే.

ఆస్థాన పండితుడు పురుషోత్తమశాస్త్రి దాన్ని చిటికెన వేలితో కదిపి చూశాడు. "ఇది నీలిగిన్నె కాదు ప్రభూ, వాడిన వంకాయ పువ్వు. వీడు మనల్ని వెర్రివాళ్ళను చేస్తున్నాడు."

రాజుకు ఒళ్ళు మండింది. "పున్నమిలోగా అసలు పువ్వు నా ఎదుట విచ్చుకోవాలి. లేకపోతే నిన్నూ నీ పెళ్ళాంబిడ్డల్నీ పొలిమేర దాటిస్తాను," అన్నాడు.

విదూషకుడు మల్లుభట్టుకు కూర్మయ్యమీద జాలేసింది. కొండకు తమరే వెళ్ళండని రాజుతో అంటే తన తలే ఎగిరిపోతుంది. అందుకని చేతులు కట్టుకుని లేచాడు.

"తప్పు కూర్మయ్యది కాదు ప్రభూ, మర్యాదది. సామంతుణ్ణి పిలిపిస్తే పరివారంతో సహా రానిస్తామే! ఈ పువ్వునేమో ఒంటరిగా ఈడ్చుకొచ్చాం. దానికి మనసు కష్టపడదూ?"

మర్యాద అన్న మాట వింటే రాజుకు ఎక్కడలేని హుషారు. "నిజమే. దాని పరివారం ఎవరు?"

"మంచు, చలిగాలి, నీడ. వాటిని పిలిపించే భారం నాది. తమరు కొలువుదీరి కూర్చుంటే చాలు."

మర్నాడు భట్టు సభామండపం కిటికీలన్నిటికీ నల్లకంబళ్ళు కట్టించాడు. నౌకర్లు నిచ్చెనలెక్కి జల్లెడలతో చన్నీళ్ళు జల్లుతున్నారు. వింజామరలు ఎడతెరిపి లేకుండా ఊగుతున్నాయి. సింహాసనం ఎదుట, కూర్మయ్య రాత్రికి రాత్రే మళ్ళీ కొండెక్కి తెచ్చిన మొగ్గ మొక్క ఉంది. రాజుగారి పట్టుబట్టలు ఒంటికి అంటుకుపోయాయి. శాస్త్రిగారు ఎత్తుకున్న శ్లోకం తుమ్ములో కలిసిపోయింది.

"ఇంకెంతసేపోయ్?" అన్నాడు రాజు, పళ్ళు టకటకలాడుతుంటే.

"ఇది కొండ మొదట్లో ఉండే చలే ప్రభూ. శిఖరం చలి రేపటినుంచి. నెల్లాళ్ళు ఇలాగే కూర్చుంటే మొగ్గ కదలవచ్చు."

"నెల్లాళ్ళా! హాచ్! ఈ పరివారమంతా సిద్ధంగా ఉన్న చోటు ఇంకెక్కడా లేదా?"

"లేకేం, మబ్బుల కొండ."

"ఒక పువ్వు కోసం నేను వెళ్ళడమా?"

"రామరామ! తమరు వెళ్ళడమేమిటి ప్రభూ? ఈసారి కొలువు కొండమీద తీరుతుంది. కొలువున్న చోటికి పువ్వు రాక ఏం చేస్తుంది?"

రాజు ఆలోచించాడు, తుమ్మాడు, ఒప్పుకున్నాడు.

సగం కొండ దాకా పల్లకి వెళ్ళింది. ఆపైన రాజు రొప్పుతూ సొంత కాళ్ళమీదే ఎక్కాడు. శిఖరాన ఒక బండ అడుగున పగులు చూపించాడు కూర్మయ్య. అందులోకి చూడాలంటే నేలమీద బోర్లా పడుకోవాలి. రాజు పడుకున్నాడు. రాజు తలకన్నా ఎవరి తలా ఎత్తున ఉండరాదని ఆ కొలువు కట్టుబాటు. మంత్రి, సేనాపతి, శాస్త్రిగారు అందరూ దబదబా బురదలో బోర్లాపడ్డారు.

పగులులో నీలిగిన్నె విచ్చుకుని ఉంది. అంచున తెల్లగీత మెరుస్తోంది. రాజు చూపు తిప్పుకోలేకపోయాడు.

"శాస్త్రిగారూ, ఇదేనా మీ వంకాయ పువ్వు?"

"దగ్గర్నించి చూస్తే... కాదు ప్రభూ," అన్నాడు శాస్త్రి బురదలోంచి.

"చూశావా భట్టూ! చివరికి నా కొలువుకు హాజరయింది."

"చిత్తం. కానీ బొత్తిగా మర్యాద తెలియని పువ్వు ప్రభూ. కొలువంతా సాష్టాంగపడి ఉంటే, తనొక్కతే నిలబడి ఉంది."

రాజు వెనక్కి తిరిగి చూశాడు. వరసగా వీపులు, మంత్రి మీసాలకు బురద. కూర్మయ్య కళ్ళు మూసుకున్నాడు. రాజుకు ముందు పొట్ట కదిలింది, తర్వాత నవ్వు తన్నుకొచ్చింది. కొండ మారుమోగేలా నవ్వాడు.

తన శాలువా తీసి వణుకుతున్న భట్టుకు కప్పాడు. చేతి కంకణం కూర్మయ్యకు తొడిగి, "ఇక నీ పొలిమేర ఈ కొండే. దీన్ని కాపాడు," అన్నాడు.

కొండ దిగగానే రాజ్యమంతటా దండోరా వేశారు: నీలిగిన్నె పువ్వు ఉన్నచోటనే ఉండవచ్చునని ప్రభువులవారు దయతో అనుమతించారని.