మైకు పెట్టె తాళంచెవి

"మతి చెదిరినవాళ్ళ కోసం ఎలా ప్రార్థన చెయ్యాలి అయ్యగారూ?" అని ఓబద్యా అడిగాడు. సేవ నేర్చుకోవడానికి మా సంఘానికి వచ్చిన యువకుడు అతను. వచ్చే ఆదివారం సాయంత్రం స్వస్థత కూటం పెట్టాలని అతని పట్టుదల. పక్క ఊరి తల్లి ఒకామె తన కొడుకును ఆ కూటానికి తీసుకొస్తానందట. ఆ కొడుకు కొన్నాళ్ళుగా తనలో తాను మాట్లాడుకుంటూ తిరుగుతున్నాడు. అందుకని మందిరంలోని మైకూ, పెద్ద సౌండు బాక్సులూ తనకు కావాలన్నాడు ఓబద్యా. "లోపలున్నది ఏదైనా సరే, దద్దరిల్లి పారిపోవాలి" అన్నాడు.

నిరీక్షణరావు అయ్యగారు మా సంఘ కాపరి. ఎవరేమడిగినా ఒక బైబిలు వాక్యం చూపించి పంపేయడం ఆయనకు చేతకాదు. మా మధ్య జరిగినదేదో చెప్పి, అడిగినవాడి వంక చూస్తూ ఊరుకుంటారు. ఆ రోజు తబిత సంగతి చెప్పారు. అది జరిగినప్పుడు నేనూ మందిరంలో ఉన్నాను కాబట్టి, అయ్యగారు మర్యాదకు దాటేసినవి కూడా కలిపి చెబుతాను.

ముందు మా గొప్ప చెప్పుకోవాలి. రేపల్లె వైపు మా కాలవ గట్టు పొడుగునా ఎన్ని సంఘాలున్నా, ప్రార్థనకు మాదే పేరు. అయ్యగారు "ప్రార్థన చేద్దాం" అనడమే ఆలస్యం, ఆడా మగా ఒక్కసారిగా గొంతెత్తితే అవతలి గట్టున కలుపు తీసేవాళ్ళు నడుం ఎత్తి ఇటు చూసేవారు. ఆదివారం సాయంత్రానికి గొంతు బొంగురుపోని వాణ్ణి, ఈ వారం నీకు విశ్వాసం తగ్గిందిరా అని ఆటపట్టించేవాళ్ళం.

తబిత మా మందిరం చాపల మీద పెరిగిన పిల్ల. తల్లీ తండ్రీ పోయాక అన్న తీతు ఇంట్లో ఉంటూ, మిషను కుట్టి తన తిండి తాను సంపాదించుకునేది. ఉన్నట్టుండి ఆమెకు గొంతులు వినపడడం మొదలైంది. ఎవరూ లేని చోట ఎవరో తిట్టేవారు, బెదిరించేవారు. మిషను వదిలేసింది. నిద్ర కరువైంది. చెవులు మూసుకుని మిట్టమధ్యాహ్నం గట్టు మీద నడిచేది. గుంటూరులో డాక్టరుకు చూపించమని ఒకరిద్దరు అన్నారు గాని, అది అవిశ్వాసమని మిగతావాళ్ళు వాళ్ళ నోరు మూయించారు. చివరికి తీతు విసిగిపోయి అందరి ముందూ చెప్పేశాడు. "ఈ శుక్రవారం ఉపవాస ప్రార్థనలో కుదుటపడిందా సరే. లేదంటే మర్నాడు పొద్దున్నే గొలుసుల మందిరంలో వదిలేసొస్తా. ఇంక నా వల్ల గాదు." జబ్బుపడ్డవాళ్ళను స్తంభాలకు కట్టి ఉంచే చోటు అది. అంతకు ముందు మా ఊరి నుంచి అక్కడికి వెళ్ళిన మనిషి మళ్ళీ తిరిగి రాలేదు. ఆ సంగతి తబితకూ తెలుసు.

ఆ శుక్రవారం సంఘమంతా పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా వచ్చింది. తబితను మధ్యలో కూర్చోబెట్టి, పెద్ద సౌండు బాక్సులు ఆమెకు అటొకటీ ఇటొకటీ పెట్టాం. మొదలుపెట్టాం. ఆమె చెవులు మూసుకుంది. మేం గొంతు పెంచాం. ఆమె కేక పెట్టింది. దయ్యం వణుకుతోందని ఇంకా పెంచాం. ఆ పిల్ల నేలకేసి తల కొట్టుకుంటుంటే, జయం దగ్గర పడిందని చప్పట్లు కొట్టినవాళ్ళు కూడా ఉన్నారు. అందరి గొంతుల మీదా అయ్యగారి గొంతు ఉంది. ఆయన మైకుతోనే వచ్చి ఆమె పక్కన మోకరించి తల మీద చెయ్యి వేశారు. తబిత రెండు చేతులా ఆ మైకు పట్టుకుంది.

"అయ్యగారూ, నా చెవుల్లో పొద్దస్తమానం అరుస్తానే ఉన్నారు. మీరు కూడా అరిస్తే దేవుడి మాట నాకెట్టా ఇనపడుద్ది?"

ఆ మాట రెండు బాక్సుల్లోంచీ వచ్చింది. అవతలి గట్టుకూ వెళ్ళే ఉంటుంది.

అయ్యగారు లేచి వెళ్ళి మైకు వైరు పీకేశారు. తిరిగొచ్చి ఆమెకు కాస్త ఎడంగా, నోరు మెదపకుండా మోకరించారు. గొంతు లేకుండా ప్రార్థన ఎలా చెయ్యాలో మాకెవరికీ తెలియదు. కొందరు దగ్గారు, కొందరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. ముసలి సంతోషమ్మ మోకాళ్ళ మీదే జరుగుతూ వెళ్ళి తబిత తల ఒళ్ళోకి తీసుకుంది. "పడుకో తల్లీ. మేం ఏడకీ పోం" అంది. తబిత నిద్రపోయింది. ఎండ నెత్తికెక్కి దిగింది. కడుపులు కాలుతున్నా, ఆమె లేచేదాకా ఒక్కరూ చాప మీంచి కదలలేదు. మా సంఘం చేసిన ప్రార్థనలన్నిటిలో నేను తల ఎత్తి చెప్పుకునేది అదే.

లేచీ లేవగానే తబిత మళ్ళీ చెవులు మూసుకుంది. "తగ్గలేదు గదా అయ్యగారూ" అన్నాడు తీతు, గుమ్మంలో నిలబడి.

"తగ్గలేదు. పొద్దున్నే బస్సెక్కించు. గొలుసుల దగ్గరికి కాదు, గుంటూరుకి. నేనూ వస్తా" అన్నారు అయ్యగారు. తీతు అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చెల్లెల్ని వదిలించుకోవాలని కాదు, ఒక్కడే మొయ్యలేక అన్నాడని మాకు అప్పటికి గాని అర్థం కాలేదు. ఆ తర్వాత ఎప్పుడు ఆస్పత్రికి వెళ్ళాల్సొచ్చినా మా ఆడవాళ్ళలో ఒకరు వంతు వేసుకుని తోడు వెళ్ళేవారు. తబిత మందులు మింగే వేళకు సంతోషమ్మ ఆమె పక్కన కూర్చుని కళ్ళు మూసుకుని ప్రార్థించేది. గొంతులు పూర్తిగా పోలేదు. ఈ వేళ కాస్త ఉన్నాయని తబితే చెబుతుంది, ఆ వేళ మేం ఇంకా మెల్లగా ప్రార్థిస్తాం. మళ్ళీ మిషను కుడుతోంది. ఆదివారాలు మైకు పెట్టె దగ్గర కూర్చుంటుంది. ప్రసంగంలో అయ్యగారు వేడెక్కితే మొహమాటం లేకుండా మీట తిప్పేస్తుంది, ఆయన కిక్కురుమనకుండా గొంతు తగ్గిస్తారు. మీ ప్రార్థన చప్పబడిందని పక్క సంఘాలవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. తబిత మా మధ్య ఉంది. అంతకన్నా గొప్ప ఇంకేం కావాలి మాకు!

అయ్యగారు చెప్పడం ఆపేశారు. "మరి ఆదివారం కూటానికి మైకు..." అని ఓబద్యా సగంలో ఆగాడు.

"తాళంచెవి తబిత దగ్గరుంది నాయనా. ఆ తల్లీ కొడుకుల సంగతి చెప్పి అడుగు" అన్నారు అయ్యగారు. అతను గుమ్మం దాటుతుంటే మళ్ళీ పిలిచి, "మెల్లగా అడుగు" అన్నారు.