ఏనుగురాయికి ఏ పక్క?

కొండల నడుమ ఏరు ఉరుకుతూ పారే ఒక పాతకాలపు రాజ్యంలో నూకయ్య అనేవాడు జనాన్ని తెప్ప మీద సుడులు దాటించేవాడు. తెప్పవాళ్లకొక కట్టుబాటు ఉంది పిల్లలూ: సుడిలో ఎవరెంత భయపడినా ఆ సంగతి ఒడ్డున చెప్పకూడదు.

ఒకనాడు దండనాయకుడు గండరాజు తెప్పెక్కాడు. ఏటి నడుమ ఏనుగురాయి అనే పెద్ద బండ దగ్గర నీళ్లు ఎగిసేసరికి కళ్లు గట్టిగా మూసుకుని, నూకయ్య కాళ్లు వాటేసుకుని ఏడ్చాడు. ఒడ్డు చేరాక సిగ్గు ముంచుకొచ్చింది. వీడు ఊరంతా చెబితే? అందుకని తానే ముందు రాజుగారి దగ్గరకు పోయి, "వాడికి తెప్ప నడపడం రాదు ప్రభూ, ఏటి నుంచి వెళ్లగొట్టండి" అన్నాడు.

రాజు నూకయ్యను పిలిపించాడు. నూకయ్యకు ఆ తెప్పే కూడు. అయినా కట్టుబాటు తప్పలేదు.

"ప్రభూ, ఏనుగురాయిని ఏ పక్క నుంచి దాటించానో అయ్యగారినే చెప్పమనండి."

"ఎడమ పక్క నుంచి" అన్నాడు గండరాజు ఠక్కున.

"ఎడమ పక్కన తాటిచెట్టంత లోతుకు దూకే జలపాతం ఉంది ప్రభూ. అటు పోయుంటే మేమిద్దరం ఇక్కడ నిలబడేవాళ్లం కాదు."

సభ గొల్లుమంది. "మరి నీ కళ్లు ఎక్కడున్నాయయ్యా?" అన్నాడు రాజు. గండరాజు తల వాలిపోయింది.

నూకయ్యే అందుకున్నాడు. "నీళ్లు చిమ్మితే ఎవరికైనా కళ్లు మూతలు పడతాయి ప్రభూ."

నవ్వులకన్నా ఆ మాటే గండరాజును ఎక్కువ కాల్చింది. తలెత్తకుండానే, "నీళ్లు కాదు ప్రభూ, భయం. ఇతని కాళ్లు వాటేసుకుని ఏడ్చాను" అన్నాడు.

"నాకైతే గుర్తు లేదు ప్రభూ" అన్నాడు నూకయ్య.