తవిటినాయుడి రెండున్నర పేజీలు

తొమ్మిదేళ్ళుగా రాస్తున్నా తవిటినాయుడి పేరు ఒక్కసారి కూడా అచ్చులో పడలేదు. ఆయన బాధల్లా అదొక్కటే. ఉద్యోగం కరెంటాఫీసులో లైన్‌మన్. స్తంభం ఎక్కితే దిగేలోపు ఒక కథ తట్టేది. దిగాక రాసేవాడు. రాసినవి పత్రికలకు వెళ్ళేవి, వెళ్ళినంత భద్రంగా తిరిగొచ్చేవి. పోస్ట్‌మన్ కూడా మొహమాటపడి ఆ కవర్లను చేతికివ్వకుండా గుమ్మం పక్క గూట్లో పెట్టి పోయేవాడు.

పత్రికల సంగతి అలా ఉంచితే, సొంత ఊళ్ళోనే తన కథ అచ్చవకపోవడం నాయుడికి మరీ కష్టంగా ఉండేది. రాజాం బజారు వెనక కూర్మారావు గారికి ఒక పాత ట్రెడిల్ ప్రెస్సు ఉంది. ముప్పైఆరేళ్ళు సీసపు అక్షరాలను ఏరి, వరస పేర్చి, కాలితో మిషను తొక్కి అచ్చు వేసిన మనిషి ఆయన. కంప్యూటర్లు వచ్చాక బేరాలు పోయాయి గాని, మిషను అమ్మడానికి ఆయనకు మనసొప్పలేదు. ఆ ప్రెస్సు షెడ్డులోనే ప్రతి ఆదివారం పొద్దున రాసేవాళ్ళు చేరేవారు. హైస్కూల్లో లెక్కలు చెప్పే గౌరీశ్వరి, కొలతల పుస్తకం వెనక పేజీల్లో కవితలు రాసే టైలరు మస్తాన్, మన నాయుడు. పేరున్న రచయిత ఒక్కరూ లేరు. కూర్మారావు గారు ఏ బళ్ళోనూ పాఠం చెప్పిన మనిషి కాకపోయినా అందరూ ఆయన్ను మాస్టారనే పిలిచేవారు.

ఏటా శ్రావణమాసంలో మాస్టారు వాళ్ళ కథల్లోంచి ఒకటి ఎంచి, తన చేత్తో అక్షరాలు కూర్చి, అరవై ప్రతులు వేసేవారు. ఎవరి కథ వేస్తున్నారో అచ్చయ్యేదాకా బయటపెట్టేవారు కాదు. అరవై కాపీలేనా అని తీసిపారెయ్యకండి. ఆ అరవైలో ఒకటి చేతికొస్తే గౌరీశ్వరి స్టాఫ్‌రూమ్‌లో వారం రోజులు గాలిలో నడిచింది. మస్తాన్ తన దాన్ని ఫ్రేము కట్టించి షాపులో అద్దం పక్కన తగిలించాడు.

అచ్చుకు ముందు ఒక ఆచారం ఉండేది. ఒక ఆదివారం కథలు పక్కన పెట్టి, తాము ఎలా చదువుతున్నారో, ఎలా రాస్తున్నారో ఒక్కొక్కరూ చెప్పుకోవాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలన్నదొక్కటే నియమం.

ఆ ఏడు ముందు గౌరీశ్వరి చెప్పింది. ఆమె చదువంతా బస్సులోనే. కథ మంచి పట్టులో ఉంటే దిగాల్సిన స్టేజీ దాటిపోయి, పై ఊళ్ళో దిగి వెనక్కి నడిచొచ్చేది. ఆలస్యంగా వస్తే ఇప్పుడు హెడ్మాస్టరు కారణం అడగడం మానేసి పుస్తకం పేరు అడుగుతున్నాడట. మస్తాన్‌ది ఇంకో దారి. చేతులు రెండూ మిషను మీదే ఉంటాయి కనుక, గుడ్డలకోసం వచ్చి కూర్చున్నవాళ్ళు ఆయనకు చదివి వినిపించాలి. మస్తాన్ కావాలనే ఆలస్యం చేస్తాడని ఊళ్ళో పుకారుంది. అది పుకారు కాదని ఆ రోజు తనే ఒప్పుకున్నాడు. నవల సగంలో ఉండగా ప్యాంటు ఎలా ఇచ్చేస్తానని ఆయన వాదన.

నాయుడి వంతు వచ్చింది. ఆయన నాలుగు కాగితాలు రాసుకొచ్చాడు. వాటినిండా పుస్తకాల పేర్లే, దేశదేశాలవి, ఇటుకల్లాంటివి. ఒక్కోటి తనలో ఎంత మథనం రేపిందో గొంతు సవరించుకుంటూ చదివాడు. మూడో పుస్తకం చివర ఏమవుతుందని మస్తాన్ అమాయకంగా అడిగాడు. చాలా గొప్పగా ఉంటుందని చెప్పి నాయుడు గబగబా నాలుగోదానికి వెళ్ళిపోయాడు. నిజానికి అన్నింట్లోనూ ఆయన చదివింది తలా ఇరవై పేజీలు. ఎవరూ తనను పట్టుకోలేదనే అనుకున్నాడు గాని, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూనే కూర్చున్నాడు.

చివర మాస్టారు రెండు ముక్కలు చెప్పారు. తను పుస్తకాలను కళ్ళతో చదివింది తక్కువని, చేత్తో ఏరుతూ చదివిందే ఎక్కువని. "కొన్నింటికి పావుగంటలో వేళ్ళు పీకేవి. కొన్నింటికి సాయంత్రమైనా తెలిసేది కాదు," అన్నారు. అందరూ నవ్వారు. నాయుడు కూడా నవ్వాడు, తన కాగితాలు మడత పెట్టుకుంటూ.

మిగతావాళ్ళు వెళ్ళాక నాయుడు కదల్లేదు. ఎంతసేపు బిగబట్టుకుంటాడు పాపం.

"మాస్టారూ, ఈసారీ నాది కాదు. నాకు తెలుసు. తొమ్మిదేళ్ళు. ఇంక మానేస్తానండి. స్తంభాలెక్కేవాడు స్తంభాలెక్కాలి గాని," అన్నాడు. ఈ ఏటి అచ్చుకని తెచ్చి బల్లమీద పెట్టిన కథ మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మాస్టారు ఆ కథ అందుకున్నారు. పేరు 'తమోహరణం'. పదకొండు పేజీలు. ఆయన పేజీలు తిప్పలేదు, బరువు చూసినట్టు చేతిలో పట్టుకున్నారంతే.

"నీదే వేద్దాం నాయుడూ," అన్నారు. "నాకు కళ్ళు ఆనట్లేదు. నువ్వే కంపోజు చెయ్యి."

నాయుడికి ముందు చెవులు పనిచెయ్యలేదు. తరవాత మాస్టారి కాళ్ళమీద పడబోయాడు. ఇంటికెళ్ళే దారిలో సైకిలు తొక్కుతూ పైకే పాడుకున్నాడు. అచ్చుకు రెండు వారాలు గడువు. డ్యూటీ మధ్యాహ్నం రెండింటికి దిగుతుంది. తరవాతంతా తనదే. పదకొండు పేజీలు ఎంతసేపు పని, మూడు రోజుల్లో తేల్చేస్తాననుకున్నాడు.

మర్నాడు మాస్టారు ఆయన్ను గళ్ళ బల్ల ముందు నిలబెట్టారు. చిన్న చిన్న గళ్ళు, వందల్లో. గడికొక రకం అక్షరం. గుణింతం ఒకచోట, ఒత్తులు ఇంకోచోట. అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. ఎడమచేతిలో స్టిక్కనే ఇనప పట్టీ పట్టుకుని, కుడిచేత్తో ఒక్కొక్క సీసపు ముక్కా ఏరి అందులో తలకిందులుగా నిలబెట్టాలి. ఒక వరస ఎలా కూర్చాలో చూపించి మాస్టారు పడక్కుర్చీలోకి వెళ్ళిపోయారు.

నాయుడి కథ మొదటి వాక్యం ఇది: 'అనాదిగా మానవాళి అంధకారంతో సలుపుతున్న అవిశ్రాంత సంగ్రామంలో విద్యుచ్ఛక్తి ఒక మహోజ్జ్వల ఘట్టం.'

రాసేటప్పుడు అది కలంలోంచి జారిపోయింది. పాడు సీసం జారదే. అయిదు గంటలకి 'అవిశ్రాంత' దాకా వచ్చాడు. 'విద్యుచ్ఛక్తి'కి కావలసిన ఒత్తు ఏ గడిలోనూ దొరకలేదు. మాస్టారిని అడిగితే వెతుకు, ఉంటుంది అన్నారు. వెతికాడు. దొరికింది. సంబరంతో మోచెయ్యి తగిలి వరసంతా నేలమీద చిందిపోయింది. మాస్టారు కుర్చీలోంచి లేవలేదు. చీపురుతో ఊడవకు, చేత్తో ఏరు అని మాత్రం చెప్పారు.

రెండోరోజు 'అవిశ్రాంత' ఎందుకనిపించింది. తీసేశాడు. 'మహోజ్జ్వల' లేకపోయినా కొంప మునగదనిపించింది. మిగిలిన వాక్యం వంక చూశాడు. దానికోసం మళ్ళీ అన్ని గళ్ళూ తిరగాలా అనిపించింది. మూడోరోజుకి మొదటి పేజీ మొత్తం పక్కన పెట్టాడు. ముందు ముఖ్యమైనది కూర్చేసి, టైముంటే ఇది చేర్చవచ్చులే అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

నాగరికత పుట్టుక గురించిన రెండో పేజీ కూడా అలాగే పక్కకెళ్ళింది. జ్ఞానజ్యోతి గురించిన తరవాతి మూడు పేజీలకి ఆయన చెయ్యి గళ్ళ దాకా కూడా వెళ్ళలేదు. వేళ్ళు పీకుతున్నాయి. ఇంత అక్కర్లేనిదాన్ని తొమ్మిదేళ్ళుగా ఎందుకు రాశాన్రా దేవుడా అని ఏడుపు రావాల్సింది. చిత్రంగా నవ్వొచ్చింది. ఒక్కడే నిలబడి నవ్వుతుంటే మాస్టారు పేపరు దించి ఒకసారి చూసి మళ్ళీ ఎత్తుకున్నారు.

ఆరో పేజీలో ముసలమ్మ ఉంది.

తుపానుకి స్తంభాలు కూలిన ఊరు. ఇరవైరెండు రోజులు కరెంటు లేదు. నాయుడు ఆఖరి ఇంటికి వైరు కలిపి దిగేసరికి, పగలే చీకటిగా ఉండే గుడిసెలో బల్బు వెలిగింది. లోపల ముసలమ్మ, ముసలాయన. ఆమె బల్బు వంక చూడలేదు. మొగుడి మొహం వంక చూసింది.

'ఓలమ్మా, ఎంత ముసిలోడివైపోనావు.'

'ఇప్పుడు కనిపించిందేటి నీకు?'

'ఇన్నాళ్ళూ సీకట్లో మాటే కదా ఇన్నాను. కుర్రోడివే అనుకున్నాను.'

ఇది నాయుడు కల్పించిన మాట కాదు, గుమ్మంలో నిలబడి చెవులారా విన్నది. పదకొండు పేజీల కథలో దీనికి ఆయన నాలుగు వరసలు ఇచ్చాడు, అదీ గ్రాంథికంలోకి మార్చి. 'ఎంతటి వృద్ధులైతిరి నాథా' అని ముసలమ్మ చేత అనిపించాడు. ఇప్పుడు ఆ మాట కూర్చబోతే చెయ్యి ఆగింది. ఆమె అలా అనలేదు. కాగితం బోర్లించేసి, ఆమె అన్నది అన్నట్టే గళ్ళలోంచి ఏరడం మొదలుపెట్టాడు. ఆ తరవాత కాగితం వంక చూడనే లేదు. ముసలాయన కండువాతో మొహం తుడుచుకున్నది, ఆమె బల్బు ఆర్పెయ్యమని లైన్‌మన్‌నే బతిమాలింది, ఇద్దరూ కలిసి తనకు గంజన్నం పెట్టింది, అన్నీ వరసగా చేతిలోకొచ్చాయి. ఒక్కో అక్షరం చేతికి తగులుతుంటే ఆ ఇల్లంతా తిరిగొచ్చింది. ఎవరో లైటు వేస్తే తలెత్తాడు. బయట పొద్దు వాలిపోయింది. మధ్యాహ్నం తెచ్చుకున్న టిఫిను మూత కూడా తియ్యలేదు.

"ఇంకెంత ఉంది?" అన్నారు మాస్టారు స్విచ్చు దగ్గర నిలబడి.

"తెలీదండి. వస్తోంది," అన్నాడు నాయుడు.

అలా వచ్చి వచ్చి రెండున్నర చిన్న పేజీల దగ్గర ఆగింది. పేరు 'కరెంటొచ్చింది' అని మార్చాడు. చివర ఒక్క వాక్యం మాత్రం పాత కథలోంచి తెచ్చిపెట్టుకున్నాడు. 'వెలుగే జీవితమని ఆ వృద్ధ దంపతులు లోకానికి చాటిచెప్పారు.' తొమ్మిదేళ్ళలో తను రాసినవాటిలోకెల్లా అదే గొప్ప వాక్యమని ఆయన నమ్మకం. భార్యకు కూడా నచ్చింది. దానికోసం సగం మధ్యాహ్నం ఏరాడు.

ఆదివారం పొద్దున్నే మాస్టారు, నాయుడు కూర్చిన వరసల చుట్టూ చట్రం బిగించారు. సిరా పూశారు. కాగితం పెట్టి మాస్టారు తొక్కుడుబల్ల మీద కాలు మోపారు.

"ఆగండి," అన్నాడు నాయుడు.

మాస్టారు కాలు తీసేశారు. నాయుడు చట్రం వదులు చేసి, చిమ్టాతో ఆ చివరి వాక్యాన్ని అక్షరం అక్షరంగా పైకి లాగి గళ్ళలో ఎక్కడివక్కడ వేసేశాడు. ఖాళీలో ఉత్త సీసం ముక్కలు నింపాడు. చేతులు సిరాతో మసైపోయాయి. మళ్ళీ బిగించేదాకా మాస్టారు ఏదో పాత కూనిరాగం తీస్తూ నిలబడ్డారు. ఇంత హుషారుగా ఉన్న మాస్టారిని నాయుడు ఎప్పుడూ చూడలేదు.

అరవై ప్రతులు పడ్డాయి. దండేల మీద ఆరబెడుతుంటే గౌరీశ్వరి, మస్తాన్ వచ్చారు. ఈ ఏడు ఎవరిదో అనుకుంటూ ఆమె ఒకటి దించుకుంది. మస్తాన్ అలవాటు ప్రకారం పైకి చదవమన్నాడు. ఆమె చదవసాగింది. నాయుడు మిషను వెనక నక్కి, గుడ్డతో తుడిచిన చోటే తుడుస్తున్నాడు. ముసలమ్మ మాట దగ్గర మస్తాన్ పగలబడి నవ్వాడు. 'కుర్రోడివే అనుకున్నాను' దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. గౌరీశ్వరి కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని మిగతాది చదివింది.

"నాయుడు గారూ," అంది కాగితం దించి, "ఇన్నాళ్ళూ దీన్ని ఎక్కడ దాచేరండి?"

నాయుడికి ఒళ్ళంతా పులకరించింది. తొమ్మిదేళ్ళ కరువు తీరిపోయింది. అచ్చులో తన పేరు ఎలా ఉందో ఒకసారి కళ్ళారా చూసుకుందామని ఆమె చేతిలో కాగితం తీసుకున్నాడు. కథ పేరు కింద చూశాడు. ఆఖర్న చూశాడు. వెనక్కి తిప్పాడు. దండెం మీద ఇంకొకటి లాగాడు, మరొకటి లాగాడు.

"మాస్టారూ," అన్నాడు తెల్లబోయి, "నా పేరు కూర్చడం మర్చిపోయానండి."

మాస్టారు కిరసనాయిలు గుడ్డతో అక్షరాలు కడుగుతున్నారు. తల ఎత్తలేదు.

"మరి టీచరమ్మ నీ పేరు చదివేసిందే," అన్నారు.