ఈరమ్మ మోసిన పదిహేను బిందెలు

బసవలింగానికి లెక్కలొచ్చు. ఆ సంగతి కొండ మీది మఠంలో అందరికీ తెలిసేలా చూసుకున్నాడు కూడా. ఎవరు ఏ ఇబ్బంది చెప్పుకున్నా, వినీ వినకుండానే పలక తీసి సమీకరణం రాసేసేవాడు.

కొత్తగా కట్టిన తొట్టిని కొండ కింది నీళ్ళతో నింపడానికి ఈరమ్మను పెట్టుకున్నారు. తొట్టికి మూడు వందల బిందెలు పడతాయి. రోజుకెన్ని మోస్తావని అడిగాడు. పదిహేను సామీ, కాకపోతే దారిలో, అంటూ ఆమె ఏదో చెప్పబోయింది. అంకె చెబితే చాలన్నాడు. 15x = 300 అని రాసి, ఇరవై రోజులని తేల్చేశాడు.

ఇరవయ్యో రోజు సాయంత్రం తొట్టి అరవై బిందెలు వెలితిగా ఉంది. బసవలింగానికి ఒళ్ళు మండిపోయింది. తప్పు తనదేమోనన్న అనుమానమైనా రావద్దూ! వంటశాల ముందు, మఠమంతా వింటుండగా ఆమెను దొంగ అన్నాడు. నీళ్ళు దారిలో ఎవరికో అమ్ముకుంటోందనీ, రేపట్నించి రావద్దనీ అరిచాడు. మఠంలో కూలికి కొలిచే గింజలతోనే ఆమె ఇంట్లో పొయ్యి వెలిగేది. ఈరమ్మ ఏడవలేదు. బిందె అక్కడే దించి కొండ దిగి వెళ్ళిపోయింది.

గురువు నాగలింగస్వామి అంతా విన్నారు. ఆయన మొహం ఎర్రబడింది. మర్నాడు పొద్దున్నే ఆ బిందె తెచ్చి శిష్యుడి భుజాన పెట్టారు.

మొదటి బిందెతో సగం మెట్లెక్కాడో లేదో, అక్కడ ఎండలో రాళ్ళు చెక్కుతున్న ముసలాయన లేచి దోసిలి పట్టాడు. ఆయన వెనకాల మరో నలుగురు. ఆ కొండ మీద వాళ్ళకి వేరే నీళ్ళు లేవు. బసవలింగం విసుక్కుంటూనే పోశాడు. ప్రతి బిందెకీ అదే తంతు. పొద్దుగూకేసరికి పదిహేను మోశాడు. తొట్టిలో కొలిస్తే పన్నెండే చేరాయి.

"రాయి," అని స్వామి పలక ముందుకు తోశారు.

బొబ్బలెక్కిన చేత్తో రాశాడు. 15x − 3x = 300. ఇరవై అయిదు రోజులు.

"సరిపోయింది స్వామీ," అన్నాడు తల దించుకుని.

"నీ లెక్క సరిపోయింది. నువ్వన్న మాటకి ఏం సరిపోతుంది?" స్వామి పలక తిరిగి అతని చేతిలో పెట్టారు. "పో. ఈరమ్మను పిలుచుకొచ్చి, వంటశాల ముందు మఠమంతటినీ నిలబెట్టి ఇది చదువు. ఆ మూడు బిందెలూ ఎవరు తాగారో, అదీ చదువు."